టెక్ సందేహాలు: ఆట నాకు సాఫీగా, చూసేవాళ్లకు కుదుపులుగా!

ప్రశ్న: డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్నాను. రాత్రిపూట యూట్యూబ్‌లో జీటీఏ 5 లైవ్ పెడతాను. నా ల్యాప్‌టాప్‌లో ఐ5 ప్రాసెసర్, 4 జీబీ జీటీఎక్స్ 1650 గ్రాఫిక్స్, 8 జీబీ ర్యామ్ ఉన్నాయి. ఆడేటప్పుడు నాకు ఏ ఇబ్బందీ ఉండదు. చూసేవాళ్లు మాత్రం ‘అన్నా, కారు ఎగిరెగిరి పడుతోంది’, ‘ఇది లైవా, ఫొటో ఆల్బమా’ అని కామెంట్లు పెడుతున్నారు. ఏదో వీడియో చూసి ఎన్‌కోడర్‌ని (వీడియోను కుదించే భాగం) ఎన్విడియా వాళ్ల ఎన్వెంక్‌కి మార్చాను. బిట్‌రేట్ (సెకనుకు పంపే డేటా) తగ్గించాను, పెంచాను. చివరికి నెట్ కనెక్షనే మార్చేశాను. స్ట్రీమింగ్ కోసం ఇంకో కంప్యూటర్ కొంటే తప్ప కుదరదని ఫ్రెండ్ అంటున్నాడు. ఇంట్లో అడగాలంటే టెన్షన్‌గా ఉంది.
– ఒక పాఠకుడు, కాకినాడ

జవాబు: ఇంట్లో అప్పుడే అడక్కండి. మీ మెయిల్ రాగానే, మీరు లైవ్ పంపడానికి వాడే ఓబీఎస్ సాఫ్ట్‌వేర్‌లో ‘స్టాట్స్’ తెరిచి, పది నిమిషాలు లైవ్ నడిచాక దాని స్క్రీన్‌షాట్ పంపమన్నాను కదా. మీ ప్రశ్నకు జవాబు ఆ స్క్రీన్‌షాట్‌లోనే ఉంది. ఇలాంటి మెయిల్స్ నెలకు నాలుగైదు వస్తున్నాయి కాబట్టి మిగతావాళ్ల కోసం కూడా కాస్త వివరంగానే చెబుతాను.

మన వీధి చివర కర్రీ పాయింట్ సంగతే తీసుకోండి. లోపల వంట అవుతుంటుంది. వండినవాటిలోంచి పప్పు, కూర, పచ్చడి తీసి ఒక్కో పార్సిల్‌కి సరిపడా పక్కన పెట్టాలి. వాటిని కవర్లలో పోసి ముడివేయాలి. ఆ తర్వాత బండి మీద ఇళ్లకు చేర్చాలి. మీ ల్యాప్‌టాప్‌లో జరుగుతున్నదీ ఇదే. ఆట బొమ్మను తయారుచేయడం వంట. ఆ బొమ్మకు మీ ముఖం చూపే వెబ్‌క్యామ్, చాట్ బాక్సు, పేరు పట్టీ కలిపి ఒక ఫ్రేముగా పేర్చడం సర్దుడు, దీన్నే రెండరింగ్ అంటారు. ఆ ఫ్రేమును నెట్‌లో పట్టేలా కుదించడం కవర్ కట్టడం, అంటే ఎన్‌కోడింగ్. యూట్యూబ్‌కి పంపడం బండివాడి పని. చూసేవాళ్లకు మాత్రం సర్దుడు, కవరు, బండి ఈ మూడింట్లో ఎక్కడ తేడా వచ్చినా ఒకేలా కనిపిస్తుంది. భోజనం లేటైంది, అంతే.

స్టాట్స్‌లో ఈ మూడింటికీ మూడు వేర్వేరు లెక్కలు ఉంటాయి. ఓబీఎస్ వెర్షన్‌ను బట్టి వ్యూ మెనూలోనో, డాక్స్ మెనూలోనో స్టాట్స్ దొరుకుతుంది. రెండరింగ్ ల్యాగ్ వల్ల మిస్సయిన ఫ్రేములు, ఎన్‌కోడింగ్ ల్యాగ్ వల్ల స్కిప్పయిన ఫ్రేములు, నెట్‌వర్క్ వల్ల డ్రాపయిన ఫ్రేములు. మీరు పంపినదాంట్లో నెట్‌వర్క్ డ్రాప్ సున్నా. ఎన్‌కోడింగ్ 0.3 శాతం, అది లెక్కలోకి రాదు. రెండరింగ్ మాత్రం 21 శాతం. అంటే ప్రతి ఐదు ఫ్రేముల్లో ఒకటి అసలు తయారే కాలేదు. అలాంటప్పుడు బిట్‌రేట్ ఎంత మార్చినా, ఎన్ని కనెక్షన్లు మార్చినా మోకాలి నొప్పికి కంట్లో చుక్కలు వేసుకున్నట్టే.

ఇంతకీ ఆట మీకు సాఫీగా ఎందుకుంది? సర్దే పని కూడా వంటవాడే చేయాలి కనుక. గేమ్‌నీ ఓబీఎస్ ఫ్రేములనీ తయారుచేసేది ఒకే గ్రాఫిక్స్ చిప్. జీటీఏకి మీరు పరిమితి పెట్టలేదు, అది సెకనుకు 80, 90 ఎన్ని వస్తే అన్ని ఫ్రేములు గీస్తూ చిప్‌ని మొత్తం తనే వాడేసుకుంటోంది. టాస్క్ మేనేజర్‌లో జీపీయూ (గ్రాఫిక్స్ చిప్) 99 శాతం దగ్గర అతుక్కుపోయి కనిపిస్తుంది, చూడండి. 60 ఎఫ్‌పీఎస్ (సెకనుకు 60 ఫ్రేములు) స్ట్రీమ్‌లో ఓబీఎస్‌కి ఒక్కో ఫ్రేముకు దక్కేది 16.7 మిల్లీసెకన్లు. ఆ లోపల చిప్ తన వైపు చూడకపోతే ఆ ఫ్రేము పోయినట్టే. ఎన్వెంక్ పెట్టడం మంచి పనే. చిప్‌లో ఎన్‌కోడింగ్‌కి విడిగా ఉండే భాగం అది, ప్రాసెసర్ మీద భారం తగ్గిస్తుంది. కానీ అది చేసేది కవర్ కట్టే పని మాత్రమే, సర్దిపెట్టదు.

కాబట్టి ముందు ఆటకు కళ్లెం వేయండి. ఎన్విడియా కంట్రోల్ ప్యానెల్‌లో ‘మేనేజ్ త్రీడీ సెట్టింగ్స్’లోకి వెళ్లి, ప్రోగ్రామ్స్ జాబితాలో జీటీఏని ఎంచుకుని, ‘మ్యాక్స్ ఫ్రేమ్ రేట్’ 60 పెట్టండి. తర్వాత గేమ్ గ్రాఫిక్స్ సెట్టింగ్స్‌లో ఎమ్మెస్సేఏ (బొమ్మ అంచులను నునుపు చేసే సెట్టింగ్) ఆపేయండి, గ్రాస్ క్వాలిటీ తగ్గించండి. జీటీఏలో చిప్‌ని పిండేసేవాటిలో ఈ రెండూ ముందుంటాయి. ఊరి బయట గడ్డి భూముల్లోకి వెళ్లగానే కుదుపులు ఎక్కువవుతున్నాయని రాశారు కదా, కారణం ఆ గడ్డే. ఆడుతున్నప్పుడు జీపీయూ వాడకం 80, 85 శాతం దగ్గర ఆగేదాకా ఒక్కో సెట్టింగ్ దించుకుంటూ రండి.

రెండోది, చాలామందికి తెలియని చిట్కా. ఓబీఎస్ ఐకాన్ మీద రైట్ క్లిక్ చేసి ‘రన్ యాజ్ అడ్మినిస్ట్రేటర్’తో తెరవండి. అలా తెరిస్తే గ్రాఫిక్స్ చిప్ దగ్గర ఓబీఎస్‌కి ప్రాధాన్యం దొరుకుతుంది. పైసా ఖర్చు లేదు. రెండరింగ్ ల్యాగ్‌తో తంటాలు పడేవాళ్లలో కొందరికి ఇదొక్కటే సరిపోతుంది. విండోస్‌లో గేమ్ మోడ్ కూడా ఆన్‌లోనే ఉంచండి.

ఎన్వెంక్ సెట్టింగ్స్‌లో లుక్ అహెడ్, సైకో విజువల్ ట్యూనింగ్ (కొత్త వెర్షన్లలో అడాప్టివ్ క్వాంటైజేషన్) అని రెండు టిక్కులుంటాయి. ఇవి మాత్రం ఎన్‌కోడర్ భాగంతో సరిపెట్టుకోక, గేమ్ వాడే చిప్‌లోనే కొంత తినేస్తాయి. మీలా చిప్ అంచు మీద ఉన్నవాళ్లు రెండూ తీసేయడం మంచిది. మీ సీన్‌లో కదిలే యానిమేషన్ పట్టీలు మూడు కనిపించాయి. ఒక్కోటీ లోపల ఒక చిన్న బ్రౌజర్‌లా నడుస్తుంది. అంత అందం అవసరమా అని నా అనుమానం, మీ ఇష్టం.

గేమ్‌ని పట్టుకోవడానికి డిస్‌ప్లే క్యాప్చర్ కాకుండా గేమ్ క్యాప్చర్ వాడండి. మీలాంటి ల్యాప్‌టాప్‌లలో సాధారణంగా రెండు గ్రాఫిక్స్ చిప్‌లుంటాయి, ఇంటెల్‌ది ఒకటి, ఎన్విడియాది ఇంకొకటి. గేమ్ క్యాప్చర్ సరిగ్గా పనిచేయాలంటే గేమూ ఓబీఎస్సూ ఒకే చిప్ మీద నడవాలి. విండోస్ సెట్టింగ్స్‌లో సిస్టమ్, డిస్‌ప్లే, గ్రాఫిక్స్‌లోకి వెళ్లి ఓబీఎస్‌కి ‘హై పెర్ఫార్మెన్స్’ ఎంచుకోండి.

ఇన్నీ చేసినా రెండరింగ్ ల్యాగ్ ఒక శాతం దాటుతుంటే, స్ట్రీమ్‌ని 60 నుంచి 30 ఎఫ్‌పీఎస్‌కి దించండి. చాలామంది ముందు 1080పీ నుంచి 720పీకి దిగుతారు. దానివల్ల పిక్సెళ్లు సగానికి పైగా తగ్గి ఎన్‌కోడింగ్‌కీ నెట్‌కీ మేలు జరుగుతుంది కానీ, మీ జబ్బుకు పెద్దగా పనిచేయదు. 30కి దిగితే సర్దాల్సిన ఫ్రేములే సగమవుతాయి. రేసింగ్‌కీ వాలరెంట్ లాంటి షూటింగ్ ఆటలకీ 60 ఉంటేనే బాగుంటుంది, ఒప్పుకుంటాను. మీరు జీటీఏలో ఎక్కువసేపు కబుర్లు చెబుతూ తిరిగే రకం కాబట్టి 30లో తేడా ఎవరూ పట్టించుకోరు. మధ్యమధ్య ఆగిపోయే 60 కన్నా నిలకడగా నడిచే 30 చూడ్డానికి హాయిగా ఉంటుంది.

డబ్బు పెట్టాలనుకుంటే ర్యామ్ మీద పెట్టండి. 8 జీబీలో జీటీఏ, ఓబీఎస్, పక్కన క్రోమ్‌లో చాట్ అంటే ఇరుకే. ల్యాప్‌టాప్‌లో రెండో స్లాట్ ఖాళీగా ఉంటే ఇంకో 8 జీబీ వేయించండి. రెండు స్టిక్కులున్నప్పుడు ర్యామ్ డ్యుయల్ ఛానెల్‌లో నడిచి వేగం కూడా పెరుగుతుంది. రెండో కంప్యూటర్ అంటే దాంతోపాటు క్యాప్చర్ కార్డు, ఇంకో కరెంటు ప్లగ్గు, ఇంకో తలనొప్పి. ఎన్‌కోడింగ్ మొత్తం ప్రాసెసరే మోయాల్సిన రోజుల్లో ఆ సలహాకు అర్థం ఉండేది. మీ ఫ్రెండ్ అప్పటి వీడియోలు చూసి ఉంటారు.

మీ కథ రెండరింగ్‌ది. మిగతా ఇద్దరి సంగతీ రెండు ముక్కల్లో చెబుతాను. ఎన్‌కోడింగ్ అంకె పెరుగుతుంటే, సాధారణంగా ఎక్స్264 అనే ఎన్‌కోడర్‌తో ప్రాసెసర్ మీద నడుపుతున్నారని అర్థం. ఎన్విడియా అయితే ఎన్వెంక్, ఇంటెల్ అయితే క్విక్ సింక్, ఏఎండీ అయితే దాని సొంత ఎన్‌కోడర్‌కి మారండి. కొనేముందు ఒక జాగ్రత్త, జీటీ 1030 కార్డులో ఎన్వెంక్ లేదు. ఇక తప్పనిసరిగా ఎక్స్264తోనే నడపాల్సినవాళ్లు ప్రీసెట్‌ని వెరీఫాస్ట్ నుంచి సూపర్‌ఫాస్ట్‌కి దించి చూడండి.

నెట్‌వర్క్ అంకె పెరిగితే అప్పుడు నెట్‌ని అనుమానించండి. 100 ఎంబీపీఎస్ ప్లాన్ అని ధీమా పడొద్దు, అది డౌన్‌లోడ్. స్పీడ్ టెస్ట్‌లో అప్‌లోడ్ అని చూపే అంకె మనకు కావాలి. బిట్‌రేట్ అందులో నాలుగింట మూడొంతులు దాటకూడదు. అప్‌లోడ్ 8 ఎంబీపీఎస్ ఉంటే 6000 కేబీపీఎస్ మీ హద్దు. రేట్ కంట్రోల్ సీబీఆర్‌లో (బిట్‌రేట్ ఒకేలా ఉండే పద్ధతి), కీఫ్రేమ్ ఇంటర్వెల్ (పూర్తి బొమ్మ పంపే వ్యవధి) 2 సెకన్లలో ఉంచండి. వైఫై వదిలి లాన్ కేబుల్ పెట్టండి. ఈ చివరి మాట చెప్పే అర్హత నాకు పూర్తిగా ఉంది. మా ఇంట్లో మేనల్లుడి స్ట్రీమ్ తెగిపోతుంటే కంపెనీకి మూడుసార్లు ఫోన్ చేసి గట్టిగా మాట్లాడాను. వచ్చిన కుర్రాడు ఏమీ అనకుండా బ్యాగులోంచి కేబుల్ తీసి రౌటర్‌కి, కంప్యూటర్‌కి తగిలించి వెళ్లిపోయాడు. ఆ రోజు నుంచి ఒక్క ఫ్రేము పోలేదు. ఆడలేక మద్దెల ఓడు అన్నది నేనే.

ప్రశ్న: మొదటి గంట స్ట్రీమ్ బ్రహ్మాండంగా ఉంటుంది. తర్వాత గేమూ స్ట్రీమూ రెండూ మందగిస్తాయి. రీస్టార్ట్ చేస్తే కాసేపు బాగుండి మళ్లీ అంతే.
– ఒక పాఠకుడు, రామగుండం

జవాబు: రామగుండం అని చూడగానే సగం జవాబు తట్టింది. ఇది వేడి. చిప్ తన హద్దు దాకా వేడెక్కగానే తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. టాస్క్ మేనేజర్‌లో పెర్ఫార్మెన్స్ పేజీ తెరిచి ప్రాసెసర్ స్పీడ్ చూడండి. మొదట్లో ఉన్న అంకెకూ, గంట తర్వాతి అంకెకూ పెద్ద తేడా ఉంటే అదే కారణం. ల్యాప్‌టాప్‌ని పరుపు మీద పెట్టి ఆడుతుంటే ఆ అలవాటు మానేయండి, కింద గాలి రంధ్రాలు మూసుకుపోతాయి. రెండేళ్లుగా తెరవకపోతే షాపులో ఇచ్చి ఫ్యాన్ దుమ్ము దులిపించి థర్మల్ పేస్టు మార్పించండి. పైన చెప్పిన ఫ్రేమ్ రేట్ పరిమితి మీకూ మందే. అక్కర్లేని ఫ్రేములు గీయకపోతే అంత వేడి పుట్టదు.

ప్రశ్న: డాలస్‌లో ఉంటాను. గేమ్ లైవ్‌ల సైట్ ట్విచ్‌లో 1080పీ 60, 6000 కేబీపీఎస్‌తో స్ట్రీమ్ చేస్తాను. స్టాట్స్‌లో మూడూ సున్నా. ఇక్కడి ఫ్రెండ్స్‌కి బాగానే వస్తోంది. గుంటూరులో మా తమ్ముడి ఫోన్లో మాత్రం తిరుగుడే తిరుగుడు.
– ఒక పాఠకుడు, డాలస్

జవాబు: మీ వైపు తప్పేమీ లేదు. యూట్యూబ్ వచ్చిన స్ట్రీమ్‌ని తనే చిన్న సైజుల్లోకి మార్చి అందరికీ ఇస్తుంది. ట్విచ్‌లో ఆ సౌకర్యం పార్ట్‌నర్ ఛానెళ్లకు గ్యారంటీ, చిన్న ఛానెళ్లకు వీలున్నప్పుడు. అది దొరకని రోజు మీ తమ్ముడి ఫోను ఆ 6000 కేబీపీఎస్ మొత్తాన్నీ మొబైల్ డేటా మీద లాగాల్సిందే. ప్లేయర్‌లో గేర్ గుర్తు నొక్కితే ‘సోర్స్’ ఒక్కటే కనిపిస్తోందేమో అడగండి. అదే అయితే 720పీ 30, 3000 కేబీపీఎస్‌కి దిగండి, లేదా తమ్ముడు చూసే రోజు యూట్యూబ్‌లో పెట్టండి. యూట్యూబ్‌లో లేటెన్సీని (లైవ్ చేరడానికి పట్టే ఆలస్యం) ‘అల్ట్రా లో’లో కాకుండా ‘నార్మల్’లో ఉంచితే అతని ఫోన్‌కి ముందుగా కొంత నింపుకునే వ్యవధి దొరుకుతుంది. మీరు అన్న మాటకు అతని జవాబు కాస్త ఆలస్యంగా వస్తుంది, అంతే తేడా.

ప్రశ్న: మా ఊళ్లో బ్రాడ్‌బ్యాండ్ లేదు. ఫోన్ హాట్‌స్పాట్‌తో కంప్యూటర్ నుంచి గేమ్ లైవ్ పెట్టొచ్చా? రోజుకు 1.5 జీబీ ప్లాన్ ఉంది.
– ఒక పాఠకురాలు, శ్రీకాకుళం జిల్లా

జవాబు: పెట్టొచ్చు కానీ లెక్క చూసుకోండి. 3000 కేబీపీఎస్ అంటే సెకనుకు 0.375 మెగాబైట్లు. మీ 1.5 జీబీ గంటా ఐదారు నిమిషాల్లో ఖాళీ. 4500 పెడితే ముప్పావుగంట కూడా రాదు. 720పీ 30తో మొదలుపెట్టండి. వైఫై హాట్‌స్పాట్ కన్నా ఫోన్‌ని కేబుల్‌తో కలిపి యూఎస్‌బీ టెథరింగ్ చేస్తే నిలకడగా ఉంటుంది. ఓబీఎస్ అడ్వాన్స్‌డ్ సెట్టింగ్స్‌లో నెట్‌వర్క్ కింద, రద్దీని బట్టి బిట్‌రేట్‌ని తనే మార్చుకునే ఆప్షన్ ఉంది, టిక్ పెట్టండి. సిగ్నల్ పడిపోయినప్పుడు బొమ్మ మసకబారుతుంది కానీ ఆగిపోదు. అన్నట్టు, యూట్యూబ్‌లో మొదటిసారి లైవ్ ఆన్ చేశాక అనుమతి రావడానికి 24 గంటల దాకా పట్టొచ్చు. ఈలోగా అవే సెట్టింగ్స్‌తో ‘స్టార్ట్ రికార్డింగ్’ నొక్కి అరగంట ఆడి చూడండి. రికార్డింగ్‌కి డేటా ఖర్చవదు. వీడియోలో కుదుపులుంటే కంప్యూటర్‌ది, లేకపోతే ఇక చూసుకోవాల్సింది సిగ్నల్ ఒక్కటే.