గేటుకో ఎక్కం

నెల్లూరు

అబ్బయా,

నీ లాజిక్ సర్క్యూట్ల సిమ్యులేటర్ కోడు చూశా. గేటు రకానికో స్విచ్, దాంట్లో మళ్లా ఎక్స్ (విలువ తెలియనిది) అయితే ఒక ఇఫ్, జెడ్ (ఏదీ నడపని వైరు) అయితే ఇంకో ఇఫ్. ప్రతి ఇఫ్ దగ్గరా ప్రాసెసర్ దారి ఊహించి ముందుకు పోతది, ఊహ తప్పితే పదీ ఇరవై సైకిళ్లు దండగ. ఎక్కం వచ్చినోడు వేళ్లు లెక్కబెట్టడు గదా. గేటుకీ ఒక ఎక్కం రాసిపెట్టు, అంటే ఏ ఇన్‌పుట్లకు ఏ అవుట్‌పుట్టో చెప్పే పట్టిక.

0, 1, ఎక్స్, జెడ్‌లకు వరసగా 0, 1, 2, 3 ఇవ్వు. రెండు ఇన్‌పుట్ల గేటుకు 16 గళ్లు. గేటు రకం × 16 + మొదటి ఇన్‌పుట్ × 4 + రెండోది, అదే గడి నంబరు. గడికో బైటు చాలు, ఎనిమిది రకాలకూ కలిపి 128 బైట్లు.

గళ్లు చేత్తో నింపబాక. ప్రోగ్రాం మొదలవగానే నీ పాత ఫంక్షన్‌తోనే నింపించు. ముందు ఆ ఫంక్షన్ సరిచూసుకో: యాండ్‌లో 0, ఎక్స్ కలిస్తే 0 రావాల, ఎక్స్ కాదు. గేటు ఇన్‌పుట్‌కి జెడ్ వస్తే ఎక్స్ కిందే లెక్క.

మూడు ఇన్‌పుట్ల నాండ్‌ను నాండ్ ఎక్కంతోనే, ముందు రెండు కలిపి, వచ్చినదానికి మూడోది కలిపి, రెండుసార్లు లాగావు, అది తప్పు. మూడూ 1 అయితే 0 రావాల్సింది, నీకు 1 వస్తది. యాండ్ ఎక్కంతో లాగి, చివర్లో ఒక్కసారి నాట్ వెయ్యి.

అట్టని ఎనిమిది ఇన్‌పుట్లకూ ఒకే టేబుల్ కట్టబాక. 65,536 బైట్లవుతుంది, ప్రాసెసర్ చేతికందే చిన్న మెమరీ, ఎల్1 డేటా క్యాష్, చాలా ప్రాసెసర్లలో 32 కేబీనో 48 కేబీనో. ఉప్పు చేతికందే అరలో ఉండాల గానీ, దానికోసం కావలి పోతామా? నాలుగు ఇన్‌పుట్లు, 256 గళ్లు, అక్కడ ఆగు.

ట్రైస్టేట్ డ్రైవర్లు (0, 1 ఇవ్వకుండా జెడ్‌గా కూడా వదిలెయ్యగల అవుట్‌పుట్లు) కలిసే వైరుకు వేరే ఎక్కం కావాల. జెడ్‌తో మొదలెట్టి ఒక్కో డ్రైవర్‌ని కలుపుకుంటా పో: జెడ్, 1 కలిస్తే 1, 0, 1 కొట్టుకుంటే ఎక్స్. సర్క్యూట్లు రాసే భాష విహెచ్‌డిఎల్‌లోని 1164 ప్యాకేజీలో తొమ్మిది విలువలకు ఉండే 9×9 పట్టిక చేసేదీ ఇదే పని. క్లాక్ మారేటప్పుడు విలువ పట్టుకునే ఫ్లిప్‌ఫ్లాప్‌కు పాత క్లాక్, కొత్త క్లాక్ రెంటితో గడి ఎంచు. అట్టాంటిదే ఇంకో భాష వెరిలాగ్‌లో 0 నుంచి ఎక్స్‌కు పోయినా, ఎక్స్ నుంచి 1కి పోయినా పోజ్‌ఎడ్జే (క్లాక్ పైకి లేచినట్టే).

ఇవన్నీ మొదలెట్టకముందు పెర్ఫ్ (టైము ఎక్కడ పోతోందో చూపే టూలు) పెట్టి చూడు. టైమంతా ఈవెంట్ క్యూ (జరగాల్సిన మార్పుల వరస) తింటా ఉంటే ఏ ఎక్కమూ ఆదుకోదు. అప్పుడు అవుట్‌పుట్ మారిందో లేదో చూసి, మారితేనే క్యూలో వెయ్యి. ఆ పెర్ఫ్ లెక్క నాకూ పంపు.

పెదనాయన