మోషేకు మామగారు చెప్పిన మాట

ప్రశ్న: మాది ఉప్పల్. మావారు హైటెక్ సిటీలో ఉద్యోగం చేస్తారు, మా చర్చి సంఘంలో పెద్ద. మంగళ, గురువారాలు గృహ ప్రార్థనలు, శుక్రవారం ఉపవాస ప్రార్థన, శనివారం యవనస్థుల కూటం. మెట్రో దిగి అటునుంచి అటే వెళ్లిపోతారు. కానుకల డబ్బు కూడా సోమవారం దాకా మా బీరువాలోనే ఉంటుంది. పదో తరగతి చదివే బాబు ఆరాధనకు రానంటున్నాడు. ఏమైనా అంటే "దేవుని పనికి అడ్డురావద్దు" అంటారు. నాకే విశ్వాసం తక్కువైందా?

జవాబు: లేదమ్మా. మీరు అడిగేది వాక్యానికి విరుద్ధం కానే కాదు. బైబిల్లో నిర్గమకాండం 18వ అధ్యాయం తీయండి. ఇశ్రాయేలీయుల నాయకుడు మోషేకు మామగారు యిత్రో. ఆయన ముందుగా చేసిన పని, కూతురు సిప్పోరాను, ఇద్దరు మనవళ్లను తెచ్చి మోషేకు అప్పగించడం. అల్లుడు ఉదయం నుంచి సాయంత్రం దాకా ఒక్కడే తీర్పులు చెప్పడం చూసింది ఆ మర్నాడు. "నీవు చేయుచున్న పని మంచిది కాదు" అన్నాడు. ఇలాగైతే నువ్వూ నలిగిపోతావు, ఈ ప్రజలూ నలిగిపోతారు అన్నాడు. మోషే భక్తిని ఆయన తప్పుపట్టలేదు, పని పంచుకోమన్నాడు. మోషే విన్నాడు.

తన ఇంటిని ఏలనేరనివాడు సంఘాన్ని ఎలా పాలిస్తాడని 1 తిమోతి 3లో ఉంది. దాన్ని మాత్రం గొడవలో ఆయన మీదికి విసరకండి, మనసు మూసుకుపోతుంది. ఈ 18వ అధ్యాయమే ఇద్దరూ కలిసి చదవండి. ఆదివారం ఆరాధన నుంచి అలసి వచ్చినప్పుడు వద్దు, శనివారం పొద్దున టీ తాగాక కూర్చోండి.

చదివాక ఒక కాగితం మీద ఆయన వారమంతా చేసే సంఘ పనులు ఆయన చేతే రాయించండి. తాళం తీయడం, కుర్చీలు, మైకు సెట్టు, ఫోన్లు చేయడం, అన్నీ. ఆయన తప్ప వేరొకరు చేయలేనివి ఏవో వాటికి టిక్కు పెట్టమనండి. వాక్యం చెప్పడం, గొడవపడ్డ కుటుంబాన్ని కలపడం మిగలొచ్చు. మిగతావి పంచాలి. ఎవరికి? సామర్థ్యం, దైవభక్తి, సత్యాసక్తి ఉండి లంచం ముట్టనివాళ్లకని యిత్రో చెప్పాడు. చుట్టరికం ఆ జాబితాలో లేదు.

ఇక్కడే చాలామంది దెబ్బతింటారు. పని అప్పగిస్తారు, రాత్రి తొమ్మిదికి ఫోనొస్తే మళ్లీ తామే పరుగెత్తుతారు. జనానికి అలవాటు పోదు కదా. అందుకే ఎవరి పని ఏదో ఆదివారం సంఘంలోనే ప్రకటించాలి. చిన్న సంగతులు వాళ్లే చూస్తారు, కష్టమైనదే ఆయన దగ్గరికి రావాలి. మొదటి నెల కుర్చీలు ఆలస్యంగా వేస్తారు, మైకు గీపెడుతుంది. ఓర్చుకోవాలి. అప్పుడు పని వెనక్కి లాక్కుంటే ఇంకెవరూ ముందుకు రారు.

డబ్బు సంగతి మాత్రం ఈ ఆదివారమే సరిచేయండి. ఆయన నిజాయితీ మీద నాకు అనుమానం లేదు, కానీ ఒక్కరి చేతిలో ఉన్న లెక్క రేపు నిందకు దారితీస్తుంది. యెరూషలేములోని పేదలకు చందా పంపేటప్పుడు, ఎవరూ తప్పుపట్టకుండా అపొస్తలుడైన పౌలు తన తోటి సేవకుడు తీతుతో పాటు సహోదరుల్ని పంపాడు (2 కొరింథీ 8). బంధుత్వం లేని ఇద్దరు అక్కడే లెక్కపెట్టాలి, మొత్తం అంకెల్లోనూ అక్షరాల్లోనూ పుస్తకంలో రాయాలి, ఇద్దరూ సంతకం చేయాలి. సోమవారం బ్యాంకు రసీదు ఆ పేజీకే అంటించాలి. బ్యాంకు తెరిచేదాకా డబ్బు చర్చి పెట్టెలో, రెండు తాళాలతో ఉండాలి.

బాబును ఆదివారం బలవంతపెట్టకండి. పిల్లలకు కోపం రేపవద్దని ఎఫెసీ 6:4 తండ్రులతోనే అంటుంది. గురువారం ప్రార్థన ఇంకొకరికి ఇచ్చి ఆ సాయంత్రం ఆయన ఇంట్లో ఉండాలి. ఫోను పక్క గదిలో పెట్టి బాబుతో కలిసి అన్నం తినాలి. చర్చి ఊసు కొన్ని వారాలు ఎత్తకూడదు. "నాన్నా, నీకు టైమ్ ఇవ్వలేకపోయాను, తప్పు నాదే" అని ఒక్కసారి చెప్పగలిగితే ఎంతో మేలు.

మీరు చెబితే ఆయన వినకపోతే, మోషేకు చెప్పింది భార్య తండ్రేనని గుర్తుంచుకోండి. మీ నాన్నగారంటే ఆయనకు గౌరవం ఉంటే నాలుగు రోజులు ఉండేలా రమ్మనండి. వచ్చీరాగానే సలహా చెప్పవద్దనండి. యిత్రో కూడా ఒక రోజంతా దగ్గరుండి చూశాకే నోరు విప్పాడు.