రేడియాలజీ కోర్సు చేస్తే స్కానింగ్ సెంటర్ పెట్టుకోవచ్చా?

ప్రశ్న: మాది ఆదోని. మా అమ్మాయి ఇంటర్ బైపీసీ పాసైంది, నీట్‌లో మార్కులు చాలలేదు. రేడియాలజీ కోర్సు చేయించమని తెలిసినవాళ్లు చెబుతున్నారు. ఆడపిల్లకు రేడియేషన్‌తో ఇబ్బంది ఉండదా? కోర్సు అయ్యాక సొంతంగా స్కానింగ్ సెంటర్ పెట్టుకోవచ్చా? కోత లేకుండా సూదితో చేసే వైద్యం కూడా వీళ్లే చేస్తారా?

జవాబు: స్కానింగ్ సెంటర్ ఆశతోనే ఈ కోర్సులో చేర్పించాలనుకుంటే ఆగండి. మన ఊళ్లలో స్కానింగ్ అంటే గర్భిణులకు తీసే అల్ట్రాసౌండే. 1994 నాటి లింగ నిర్ధారణ నిషేధ చట్టం ప్రకారం ఆ మిషన్ ఉన్న సెంటర్‌కు రిజిస్ట్రేషన్ ఉండాలి, స్కాన్ చేసేది అర్హత ఉన్న డాక్టరే అయ్యుండాలి. ఈ కోర్సుతో అయ్యేది టెక్నీషియనే, టెక్నీషియన్ ప్రోబ్ (ఒంటికి ఆనించి స్కాన్ తీసే పరికరం) పట్టుకుంటే కేసే. పెట్టుబడి మీరు పెట్టినా సంతకం డాక్టరుదే.

సూదితో చేసే వైద్యం ఇంటర్వెన్షనల్ రేడియాలజిస్టుల పని. తొడ దగ్గరో మణికట్టు దగ్గరో రక్తనాళంలోకి సూది గుచ్చి, సన్నని వైరు పంపి, దాని మీదుగా క్యాథటర్ అనే సన్నని గొట్టం ఎక్కిస్తారు. గర్భసంచిలో గడ్డలకు రక్తం అందకుండా నాళాన్ని మూసేయడం, మూత్రం అడ్డుపడిన కిడ్నీకి వీపు వైపు నుంచి గొట్టం వేయడం ఇలాంటివే. వాళ్లు ఎంబీబీఎస్ తర్వాత మూడేళ్ల ఎండీ చేసినవాళ్లు, కొందరు ఆపైన మూడేళ్ల డీఎం అనే సూపర్ స్పెషాలిటీ కోర్సు కూడా. మీ అమ్మాయికి ఆ దారే కావాలంటే నీట్ మళ్లీ రాయాల్సిందే. టెక్నీషియన్‌గా అయితే అదే గదిలో సీ-ఆర్మ్ అనే ఎక్స్‌రే మిషన్ తిప్పుతుంది, ఇంజెక్టర్‌లో కాంట్రాస్ట్ మందు (నాళాలు, అవయవాలు స్పష్టంగా కనబడేందుకు ఎక్కించేది) నింపి గాలి బుడగ లేకుండా చూస్తుంది. బుడగ మెదడు నాళంలోకి పోతే పక్షవాతం రావచ్చు కాబట్టి అది చిన్న పనేం కాదు.

బటన్ నొక్కే ఉద్యోగమని చాలామంది అనుకుంటారు. అసలు పనంతా బటన్‌కు ముందే. ఛాతీ ఎక్స్‌రేకు పేషెంటు ఊపిరి నిండా పీల్చకపోతే గుండె ఉన్నదానికంటే పెద్దగా కనిపిస్తుంది, మళ్లీ తీయాలి. కాంట్రాస్ట్ సీటీకి కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ రిపోర్టు చూడాలి, ఇదివరకు ఆ మందు పడక దద్దుర్లు వచ్చాయా అని అడగాలి. మందు ఎక్కించడానికి చేతికి పెట్టిన సూది గొట్టం క్యాన్యులాలోకి ముందు సెలైన్ తోసి చూడాలి. సూది సరిగా లేకుంటే సెకనుకు నాలుగైదు మిల్లీలీటర్ల వేగంతో పోయే మందు నరం బయటికి చేరి చెయ్యి ఉబ్బిపోతుంది. ఇక ఎమ్మారై అయస్కాంతం రాత్రీ పగలూ ఆన్‌లోనే ఉంటుంది. ఒంటి మీద లోహం ఏదైనా ఉందా అంటే లేదంటారు, తీరా చూస్తే మొలతాడుకు తాయెత్తు ఉంటుంది. పేస్‌మేకర్ ఉందా, వెల్డింగ్ పని చేసి కంట్లో ఇనుప రజను పడిందా అని ఒక్కొక్కటీ విడిగా, వాళ్లకు అర్థమయ్యే మాటల్లో అడగాలి. ఓపికగా మాట్లాడే పిల్లైతే ఈ పనికి సరిపోతుంది.

రేడియేషన్ భయం వదిలేయండి, జాగ్రత్త మాత్రం వదలొద్దు. ఎమ్మారై, అల్ట్రాసౌండ్‌లలో ఎక్స్‌రే కిరణాలే ఉండవు. మిగతా చోట్ల సిబ్బందికి ఐదేళ్ల సగటున ఏడాదికి 20 మిల్లీసీవర్టులు (రేడియేషన్ డోసు కొలత) పరిమితి, ఏ ఒక్క ఏడాదీ 30 దాటకూడదు. ఒంటికి తగిలిన రేడియేషన్ లెక్క చూసేది టీఎల్‌డీ బ్యాడ్జి. దాన్ని లెడ్ ఏప్రాన్ లోపల, ఛాతీ మీద పెట్టుకోవాలి. డ్యూటీ అయ్యాక ఏప్రాన్‌తో పాటే ఎక్స్‌రే గదిలో వదిలేస్తే రీడింగ్ తప్పుగా వస్తుంది. ఏప్రాన్ మడతపెట్టినా లోపలి లెడ్ చీలుతుంది, హ్యాంగర్‌కే తగిలించాలి. క్యాథటర్ పని జరిగే గదిలో (క్యాథ్‌ల్యాబ్) కిరణాలు ఎక్కువగా పేషెంటు ఒంటి నుంచి చెదిరి వస్తాయి, దూరం రెట్టింపైతే డోసు దాదాపు నాలుగో వంతుకు పడిపోతుంది. గర్భం వస్తే వెంటనే పైవాళ్లకు చెప్పాలి. అప్పటి నుంచి బిడ్డకు పరిమితి 1 మిల్లీసీవర్టే, డ్యూటీ మారుస్తారు.

డిప్లొమా రెండేళ్లు. డిగ్రీ ఇంటర్న్‌షిప్‌తో కలిపి నాలుగేళ్లు. ఇంట్లో గడిచేటట్టుంటే డిగ్రీయే చేయించండి, సీటీ, ఎమ్మారై పోస్టులకు మొగ్గు దానికే. కర్నూలు, అనంతపురం, కడపల్లో ప్రభుత్వ మెడికల్ కాలేజీలకు పెద్దాసుపత్రులు ఉన్నాయి కాబట్టి ముందు అక్కడి సీట్ల నోటిఫికేషన్ చూడండి. ప్రైవేటు కాలేజీకి వెళ్తే బిల్డింగు చూసి రావద్దు. సీటీ, ఎమ్మారై సొంత ఆసుపత్రిలో ఉన్నాయా, విద్యార్థులను మిషన్ నడిపే కన్సోల్ దగ్గర కూర్చోబెడతారా, పిల్లల పేరున టీఎల్‌డీ బ్యాడ్జి ఇస్తారా అని అడగండి. చివరిదానికి నీళ్లు నమిలితే ఫీజు కట్టకుండా ఆదోని బస్సెక్కేయండి.