సంచిలో కలిసొచ్చిన బరోక్ ముత్యాలు: లోపల ఏముందో తేలాకే ధర

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ. ఒక కలగలుపు సంచి కొన్నారు. అందులో కొన్ని ముత్యాలకు తోకలున్నాయి, కొన్ని రేకుల్లా పలచగా ఉన్నాయి, ఒకటి మాత్రం బాగా పెద్దదే అయినా చేతిలో తేలిగ్గా ఉంది. ఏది ఏ రకమో, చేత్తో చేసే నగల్లో పెడితే దేనికి ఎంత విలువ కట్టాలో తేలడం లేదు. నేను చాలా ఏళ్లుగా ఇలాంటి వంకర ముత్యాలతోనే (బరోక్ అంటే గుండ్రంగా లేని ఈ ముత్యాలే) లోలకులు, పెండెంట్లు చేస్తున్నాను. నేను ఏ వరసలో చూస్తానో చెప్తాను.

ముందుగా, అమ్మేవాళ్లు చెప్పిన పేర్లను కాసేపు పక్కన పెట్టండి. ఫైర్‌బాల్, కెషి లాంటివి ఆ ముత్యం ఎలా పెరిగిందో చెప్తాయి. కొన్ని పేర్లు మాత్రం ఒట్టి వాడుకగా మిగిలిపోయాయి. బివా అంటే అసలు జపాన్‌లోని బివా సరస్సులో పెంచిన ముత్యం. కాలుష్యం వల్ల అక్కడ సాగు బాగా దెబ్బతింది. ఇప్పుడు ఆ పేరుతో వచ్చే పుల్లల్లాంటి పొడుగు ముత్యాలు చాలావరకు చైనా మంచినీటి చెరువుల్లో పెరిగినవే. అవి బావుండవని కాదు, కొన్ని చాలా బావుంటాయి. కాకపోతే ఆ పేరు కోసం అదనంగా డబ్బు పెట్టక్కర్లేదు.

అసలు తేల్చుకోవాల్సింది లోపల ఏముందన్నది. మీ సంచిలో మూడు రకాలు ఉండొచ్చు. రేకుల్లాంటివి బహుశా లోపల పూస (ముత్యం పెరగడానికి చిప్పలో పెట్టే గుండు) లేకుండా పూర్తిగా ముత్యపు పొరతోనే పెరిగినవి. మంచినీటి చిప్పలోంచి మొదటి ముత్యం తీశాక, చిప్ప ఒంట్లో ఆ ముత్యం చుట్టూ ఏర్పడిన కణజాలపు తిత్తి మళ్లీ ఒట్టిగా ఇంకోదాన్ని కట్టుకుంటుంది. వీటినే కెషి అని అమ్ముతారు. తోక ఉన్నవి ఫైర్‌బాల్‌లు: అప్పటికే ఏర్పడిన ఆ తిత్తిలో గుండ్రటి పూస పెడితే, పూస నింపని ఖాళీలోకి కూడా పొర పెరిగి తోకచుక్కలా సాగుతుంది. మూడోది సూఫ్లే. పూసకు బదులు, తడి తగిలితే ఉబ్బే బురదలాంటి పదార్థం పెడతారు. ముత్యం పెద్దదయ్యాక చిల్లు వేసి దాన్ని బయటికి తీసేస్తారు. లోపల బోలుగా మిగులుతుంది. మీ పెద్ద తేలికపాటి ముత్యం ఇదేనని నా అనుమానం.

ఇవి ఇంట్లోనే చూసుకోవచ్చు. చీకటి గదిలో ఫోన్ టార్చి మీద ముత్యాన్ని ఆనించి మెల్లగా తిప్పండి. లోపల చిప్పతో చేసిన పూస ఉండి, పై పొర పలచగా ఉంటే, తిప్పుతున్నకొద్దీ సమాంతరంగా చారలు కనిపించి మాయమవుతాయి. పొర మందంగా ఉంటే చారలు కనబడకపోవచ్చు. అప్పుడు పది రెట్లు పెద్దగా చూపే లూప్‌తో బెజ్జం అంచు చూడండి. పూసకూ పొరకూ మధ్య సన్నటి గీత ఉంటుంది. పొర ఎంత మందమో కూడా అక్కడే తెలుస్తుంది. పెయింటు పూసిన నకిలీ అయితే, బెజ్జం అంచున ఆ పూత పొట్టులా లేచి ఉంటుంది.

ఇంకో పరీక్ష నాకు చాలా ఇష్టం, ఎందుకంటే ముత్యానికి ఏమీ కాదు. 0.01 గ్రాము చూపే చిన్న త్రాసు మీద నీళ్ల గ్లాసు పెట్టి సున్నా చేయండి. ముత్యాన్ని సన్నటి దారంతో కట్టి, అడుగుకూ గోడలకూ తగలకుండా పూర్తిగా ముంచి పట్టుకోండి. త్రాసు ఎన్ని గ్రాములు చూపిస్తే ముత్యం ఘనపరిమాణం అన్ని ఘన సెంటీమీటర్లు. పొడి బరువును ఆ అంకెతో భాగించండి. ముత్యం 4.05 గ్రాములుండి, నీళ్లలో 1.50 చూపిస్తే 2.7 వస్తుంది. నిండుగా ఉన్న ముత్యానికైనా, చిప్ప పూస ఉన్నదానికైనా దాదాపు ఇంతే వస్తుంది. బాగా తక్కువ వస్తే బోలుదో, ప్లాస్టిక్కో. గాజు మాత్రం ముత్యానికి దగ్గరగానే తూగుతుంది కాబట్టి దాన్ని ఇలా పట్టుకోలేం. చిల్లు ఉన్న బోలు ముత్యాన్ని మాత్రం ముంచకండి, నీళ్లు లోపలికి పోతాయి. దాని చిల్లులోకి లైటు వేసి చూస్తే చాలు.

వెనిగర్‌లో వేయడం, వేడి సూదితో గుచ్చడం లాంటి సలహాలు ఎవరైనా ఇస్తే దయచేసి వినకండి. ముత్యపు పొర కాల్షియం కార్బొనేట్, ఆమ్లానికి కరిగిపోతుంది. గట్టిదనాన్ని 1 నుంచి 10 వరకు కొలిచే మోస్ స్కేలు మీద దానిది 2.5 నుంచి 4.5 లోపే, అంటే సులువుగా గీతలు పడతాయి.

రంగు గురించి ఒక్క మాట. మంచినీటి ముత్యాలు సహజంగా తెలుపు, పీచ్, గులాబీ, లావెండర్ ఛాయల్లో వస్తాయి. మీ సంచిలో నల్లటి మంచినీటి ముత్యం ఉంటే దానికి రంగు వేసి ఉంటారు, లేదా ఇంకేదో ట్రీట్‌మెంట్ ఇచ్చి ఉంటారు. సహజంగా నల్లగా ఉండే తాహితీ ముత్యాలు పింక్‌టాడా మార్గరిటిఫెరా అనే సముద్రపు చిప్పలోవి. రంగు వేసినదైతే బెజ్జం చుట్టూ, సన్నటి పగుళ్లలో రంగు చిక్కగా పేరుకుని కనిపిస్తుంది.

ఇక విలువ. బరోక్‌లో నేను మొదట చూసేది మెరుపు, ఆకారం ఆ తర్వాతే. ఒకే దీపం కింద ముత్యాన్ని తిప్పుతూ, దాని మీద పడ్డ దీపం ప్రతిబింబం అంచు పదునుగా ఉందా, అలికినట్టుందా చూడండి. సుద్దలా తెల్లబోయిన మచ్చ ఉంటే విలువ బాగా పడిపోతుంది. పొరలోని అరగొనైట్ (కాల్షియం కార్బొనేట్ స్ఫటికం) పలకలు ఒక్కొక్కటి మిల్లీమీటరులో సుమారు రెండువేలో వంతు మందం మాత్రమే ఉంటాయి. వెలుగు వాటి మధ్య చేసే పని వల్లే ఇంద్రధనుస్సు ఛాయ వస్తుంది. వంకర ముత్యాల్లో ఇది మడతల లోపల, వంపుల అంచుల్లో ఎక్కువ కనిపిస్తుంది. గుండ్రటి ముత్యంలో అరుదుగా దొరికే అందం ఇది. ఇది బలంగా ఉన్న ముత్యాన్ని చిన్నదైనా సరే నేను పక్కకు తీసి దాచుకుంటాను.

తర్వాత దాని ముఖం వెతుక్కోవాలి. గుండుసూది కొసన కాస్త మైనం పెట్టి ముత్యాన్ని అంటించి అన్ని వైపులా తిప్పండి. ఏ వైపు చూపిస్తే బావుంటుంది, ఏ మచ్చను బెజ్జంతోనో వెండి టోపీతోనో కప్పేయొచ్చు, వేలాడదీస్తే ఎటు ఒరుగుతుంది అన్నీ తెలిసిపోతాయి. అందుకే బెజ్జం వేయని ముత్యానికి నేను ఎక్కువ ఇస్తాను. తప్పు చోట బెజ్జం పడితే మంచి ముఖం వెనక్కి పోతుంది. మీరే డ్రిల్ చేస్తే ముత్యాన్ని తడిగా ఉంచండి, మాస్క్ పెట్టుకోండి. ఆ పొడి పీల్చకూడదు. వింత ఆకారాన్ని నగగా మార్చడం ఎంత దూరం వెళ్లగలదో చూడాలంటే లండన్ విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలోని కానింగ్ జ్యువెల్ అనే పెండెంట్ ఫొటో వెతకండి. అందులో సముద్ర పురుషుడి ఛాతీ మొత్తం ఒకే బరోక్ ముత్యం.

లోలకుల కోసమైతే జత దొరకడమే కష్టం. ఒకటి ఎడమకు, ఒకటి కుడికి తిరిగి అద్దంలో చూసినట్టు కుదిరే రెండు ముత్యాలుంటే వాటి విలువ విడివిడి ధరల మొత్తం కంటే ఎక్కువ. రంగు, మెరుపు కలిస్తే ఆకారంలో చిన్న తేడాను నేను పట్టించుకోను. ఆకారం కలిసి మెరుపు తేడాగా ఉంటే మాత్రం జతగా పెట్టను.

ధర కట్టేటప్పుడు సంచి ఖర్చును ముత్యాల సంఖ్యతో సమానంగా భాగించొద్దు. నగ మొత్తాన్ని ఒంటిచేత్తో నిలబెట్టగలవాటిని ముందు ఏరండి. ఖర్చులో ఎక్కువ భాగం వాటి మీద వేయండి. మధ్యరకానికి కొంత, గొలుసులో మధ్యమధ్య గుచ్చేవాటికి నామమాత్రం. ఆ తర్వాత వెండి, మీ పని గంటలు విడిగా కలపండి. మంచి ముత్యానికి డిజైన్ కూడా దాన్ని బట్టే చేస్తాం కాబట్టి ఆ గంటలు ఎక్కువే అవుతాయి, మొహమాటపడకుండా వేసుకోండి. ఎవరైనా ఇది సాగు చేయని సహజ ముత్యం అని అమ్మజూపితే, ఎక్స్-రే చేసిన ల్యాబ్ రిపోర్టు అడగండి. కంటితో, లూప్‌తో అది తేలదు.

మీ పెద్ద ముత్యం నిజంగా సూఫ్లే అయితే దాన్ని ఉంగరానికి వాడకండి, గోడ పలచగా ఉండి దెబ్బకు పగులుతుంది. చెవికి బరువు ఉండదు కాబట్టి లోలకుకి హాయిగా సరిపోతుంది. దాని చిల్లును దగ్గరగా తీసిన ఫొటో, పొడి బరువు, మిల్లీమీటర్లలో కొలతలు ఇక్కడ పెడితే చూసి చెప్తాను.