బోర్డుకు పడని ర్యామ్: షాపువాళ్లు వాపసు తీసుకోం అంటే ఏం చేయాలి?

ప్రశ్న: లాయరు గారికి నమస్కారం. మాది ఒడిశా గజపతి జిల్లా పర్లాకిమిడి. బజారులో చిన్న జెరాక్స్, డీటీపీ షాపు పెట్టుకుని బతుకుతున్నాను. నేనూ, సాయానికి మా మేనల్లుడూ, అంతే. కంప్యూటర్ బాగా నెమ్మదించిందని ర్యామ్ (మెమరీ) పెంచుదామనుకున్నాను. శ్రీకాకుళంలో ఒక కంప్యూటర్ షాపువాళ్లకి మా మదర్‌బోర్డు ఫోటో, మోడల్ నంబరు వాట్సాప్‌లో పంపి, దీనికి సరిపోయే 16 జీబీ ర్యామ్ ఉందా అని అడిగాను. "ఉంది, పడిపోద్ది, వచ్చి పట్టుకెళ్లండి" అని జవాబు పెట్టారు. వెళ్లి, 3,400 రూపాయలు యూపీఐలో కట్టి తెచ్చుకున్నాను. స్లాటులో చక్కగా కూర్చుంది గానీ, కంప్యూటర్ ఆన్ చేస్తే తెర మీద ఏమీ రావడం లేదు. పాత ర్యామ్ పెడితే మామూలుగా నడుస్తోంది. మా ఊరి మెకానిక్ చూసి ఇది సర్వర్ ర్యామ్, పెద్ద కంపెనీల కంప్యూటర్లలో పెట్టేది అన్నాడు. తిరిగి పట్టుకెళ్తే, "మా మెషీన్‌లో బాగానే పనిచేస్తోంది, సరుకులో లోపం లేదు, తేడా మీ బోర్డుదే" అన్నారు. బిల్లు మీద "అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు" అని అచ్చువేసింది చూపించారు. ఇంత చిన్న మొత్తానికి కేసు వేయొచ్చా? వేస్తే వాయిదాలకి శ్రీకాకుళం తిరగాలా? ర్యామ్ స్టిక్కరు ఫోటో, వాట్సాప్ మెసేజీలు జతచేస్తున్నాను.

జవాబు: వేయొచ్చు. శ్రీకాకుళం తిరగక్కర్లేదు, పర్లాకిమిడిలోనే ఉన్న గజపతి జిల్లా వినియోగదారుల కమిషన్‌లో వేయొచ్చు. అయితే ఈ కేసు నిలబడటం ఒక్క సంగతి మీద ఆధారపడి ఉంది: ఆ ర్యామ్‌ని ఎంచింది ఎవరు, మీరా, షాపువాళ్లా? మీరు పంపిన మెసేజీలు చదివాక దీనికి సమాధానం మీ వైపే ఉందని నమ్మకంగా చెప్పగలను.

వస్తు విక్రయ చట్టం, 1930లో మొదటి సూత్రం కొనేవాడే చూసుకుని కొనాలని. సెక్షన్ 16 దీనికి ఒక మినహాయింపు పెట్టింది. సరుకు ఎందుకు కావాలో కొనేవాడు ముందే చెప్పి, అమ్మేవాడి తెలివిడి మీద ఆధారపడి కొంటే, ఆ సరుకు అమ్మడమే వాళ్ల వ్యాపారమైతే, చెప్పిన పనికి ఆ సరుకు పనికొచ్చి తీరాలి. కాగితం మీద రాసుకోకపోయినా ఈ షరతు ఒప్పందంలో ఉన్నట్టే లెక్క. అదే మీరు షాపుకెళ్లి "ఫలానా కంపెనీ, ఫలానా మోడల్ ర్యామ్ ఒకటి ఇవ్వండి" అని పేరుపెట్టి అడిగి తెచ్చుకుంటే, ఆ సెక్షన్‌లోనే ఉన్న మరో మాట మీకు అడ్డం పడేది. పేరుపెట్టి కొన్న సరుకు మీ బోర్డుకి పడుతుందన్న పూచీ అమ్మినవాడికి ఉండదు. మీరు అలా అడగలేదు. బోర్డు ఫోటో పంపారు, మోడల్ నంబరు పంపారు, "దీనికి సరిపోయేది" అని అడిగారు. వాళ్లు "పడిపోద్ది" అన్నారు. ఆ ఒక్క మాటతో పూచీ వాళ్ల మీదికి వెళ్లింది. ఆ మెసేజీలు పొరపాటున కూడా చెరిపేయకండి. ఫోను మార్చే ఆలోచన ఉంటే కేసు తేలేదాకా ఆగండి.

ఇక "సరుకులో లోపం లేదు" అన్న వాదన. పైకి గట్టిగా కనిపిస్తుంది, ఎందుకంటే ఆ ర్యామ్ నిజంగానే చెడిపోలేదు. కానీ వినియోగదారుల రక్షణ చట్టం, 2019లో లోపం అంటే విరిగిపోవడం, కాలిపోవడం మాత్రమే కాదు. ఒప్పందం ప్రకారం ఉండాల్సిన ప్రమాణంలో ఏ కొరత ఉన్నా లోపమే, ఆ ఒప్పందం నోటితో చెప్పుకున్నదైనా, వ్యవహారాన్ని బట్టి తెలిసేదైనా. మీ బోర్డుకు పడుతుందని చెప్పి అమ్మినది పడకపోతే ఆ కొరత ఉన్నట్టే.

స్టిక్కరు ఫోటో పంపి మంచిపని చేశారు. దాని మీద "16జీబీ 2ఆర్ఎక్స్4 పీసీ4-2400టీ-ఆర్ఏ1" అని ఉంది. చివరి గీత పక్కనున్న "ఆర్" అనే అక్షరమే ఇక్కడ మీకు గట్టి సాక్ష్యం. మామూలు డెస్క్‌టాప్ ర్యామ్ అయితే అక్కడ "యూ" ఉండాలి. "ఆర్" ఉంటే అది రిజిస్టర్డ్ ర్యామ్, అంటే సర్వర్లకోసం చేసింది. అందులో మెమరీ చిప్పులకూ ప్రాసెసర్‌కూ మధ్య రిజిస్టర్ అనే అదనపు చిప్పు ఒకటి ఉంటుంది. మామూలు డెస్క్‌టాప్ బోర్డులు ఆ రకాన్ని నడపలేవు. చిక్కల్లా ఏమిటంటే, మీ ర్యామ్ తరమైన డీడీఆర్4లో సర్వర్ ర్యామ్‌కీ డెస్క్‌టాప్ ర్యామ్‌కీ 288 పిన్నులే, పిన్నుల మధ్య ఉండే గాటు కూడా ఒకే చోట. కాబట్టి స్లాటులో దిగుతుంది, క్లిప్పులు పడతాయి, తెర మాత్రం వెలగదు. అంతకుముందు తరం డీడీఆర్3 బోర్డుకి డీడీఆర్4 తెచ్చుకుంటే గాటు తేడా వల్ల అసలు దిగదు, ఆ పొరపాటు ఇంటికి రాగానే బయటపడుతుంది. మీకు జరిగింది కంటికి కనిపించని రకం, అందుకే వాళ్లు తప్పు మీ బోర్డు మీదికి నెట్టగలుగుతున్నారు.

వాళ్లు "మా మెషీన్‌లో పనిచేస్తోంది" అన్నారు కదా, ఆ మాట మీకే మేలు చేస్తుంది. ఏ బోర్డు మీద పరీక్షించారో రాసిమ్మని అడగండి. సర్వర్ ర్యామ్ నడిపే బోర్డు మీద పరీక్షించి ఉంటే, మీకు అమ్మింది సర్వర్ ర్యామ్ అని వాళ్లే ఒప్పుకున్నట్టవుతుంది. మరొకటి, ఇలాంటి ర్యామ్ స్టిక్కులు చాలావరకు పాత సర్వర్లలోంచి తీసినవి. బంగారు రంగు పిన్నుల మీద గీతలు ఉన్నాయేమో మెకానిక్‌తో చూపించండి. వాడిన సరుకును కొత్తదని అమ్మి ఉంటే అదే విడిగా అనుచిత వ్యాపార పద్ధతి కింద వస్తుంది. ఆధారం లేకుండా ఈ ఆరోపణ మాత్రం చేయకండి, తేలకపోతే మిగతా కేసు పలచనవుతుంది.

నోటీసు పంపేముందు ఒక పరీక్ష చేసి వీడియో తీసి పెట్టుకోండి. కంప్యూటర్ ఆపి, ప్లగ్గు పీకి, పాత ర్యామ్ తీసి, కొత్త స్టిక్కు ఒక్కటే పెట్టి చూడండి. రెండో స్లాటులో కూడా పెట్టి చూడండి. తర్వాత పాత ర్యామ్ తిరిగి పెట్టి, తెర రావడం చూపించండి. మధ్యలో ఆపకుండా ఒకే వీడియోలో స్టిక్కరు, బోర్డు మీది మోడల్ పేరు, తెర మూడూ కనిపించాలి. బోర్డు పేరు తెర మీద కూడా చూపించాలంటే పాత ర్యామ్ ఉన్నప్పుడు విండోస్ కీ, ఆర్ కలిపి నొక్కి ఎంఎస్ఇన్ఫో32 అని కొట్టండి, బేస్‌బోర్డు ప్రొడక్ట్ అన్న వరుసలో ఉంటుంది. బోర్డు కంపెనీ వెబ్‌సైటులో ఆ మోడల్ పేజీకి వెళ్తే ఏ రకం మెమరీ పనిచేస్తుందో రాసి ఉంటుంది, ఆ పేజీ ప్రింటు తీసుకోండి. మీ మెకానిక్‌తో తాను చూసిందేమిటో తేదీ వేసి, సంతకం పెట్టి నాలుగు ముక్కలు రాయించుకోండి. స్టిక్కరు పీకొద్దు. ర్యామ్‌ని రసీదు లేకుండా షాపులో వదిలి రావద్దు.

ఇదే రకం ఫిర్యాదుతో వచ్చే కొందరికి నేను కేసు వద్దని చెప్పాల్సి వస్తుంది. 3200 స్పీడు ర్యామ్ కొన్నాం, 2666 చూపిస్తోందని ఒకరు అంటారు. పదో తరం ఐ3 ప్రాసెసర్ ఉన్న హెచ్410 బోర్డు మీద అది 2666కే నడుస్తుంది, ర్యామ్ తనంతట తాను తగ్గి సర్దుకుంటుంది, అది లోపం కాదు. 8 జీబీ పెడితే 4 కూడా చూపించట్లేదని ఇంకొకరు అంటారు, తీరా చూస్తే 4 జీబీకి మించి వాడుకోలేని 32 బిట్ విండోస్. అమ్మినవాళ్లు ఇంత స్పీడు వస్తుందని ప్రత్యేకంగా మాటిచ్చి ఉంటే తప్ప వీటిలో షాపు తప్పు లేదు. కానీ పాత హెచ్61 బోర్డుంది, రెండు స్లాట్లు కలిపి 16 జీబీయే దాని పరిమితి, అలాంటి బోర్డు నంబరు చెప్పినా 32 జీబీకి పెంచొచ్చని అంటగడితే అది మళ్లీ షాపు నెత్తినే పడుతుంది.

బిల్లు మీది ఆ అచ్చు గురించి భయపడకండి. లోపమున్న సరుకును బిల్లులో రాసిన గడువులోపు, గడువేదీ రాయకపోతే 30 రోజుల్లోపు వెనక్కి తీసుకుని డబ్బు తిరిగివ్వడానికి నిరాకరించడం 2019 చట్టం సెక్షన్ 2(47) ప్రకారం అనుచిత వ్యాపార పద్ధతి. షాపు వేసుకున్న అచ్చు చట్టాన్ని రద్దు చేయలేదు. మనసు మారి వాపసు ఇస్తానంటే ఆ అచ్చు పనికొస్తుందేమో గానీ, పనికిరాని సరుకు అంటగట్టినప్పుడు పనికిరాదు.

ఇక సరిహద్దు సంగతి. ఇది మీ ఊరివాళ్లందరూ తెలుసుకోవాల్సింది. పాతపట్నం దాటి శ్రీకాకుళం, టెక్కలి వెళ్లి సరుకులు కొనుక్కోవడం మీకు మామూలే. పాత 1986 చట్టంలో అయితే ఎదుటి పక్షం ఉన్నచోటో, వ్యవహారం జరిగినచోటో ఫిర్యాదు వేయాల్సి వచ్చేది. రాష్ట్రం దాటి తిరిగే ఓపిక లేక ఎందరో అలాగే వదిలేశారు. 2020 జూలై నుంచి అమల్లోకొచ్చిన కొత్త చట్టం, సెక్షన్ 34 కింద, ఫిర్యాదు చేసే మనిషి నివసించేచోటైనా, పనిచేసుకునేచోటైనా వేసుకోనిచ్చింది. షాపు ఆంధ్రాలో ఉండటం మీకు అడ్డం కాదు, కమిషన్ నోటీసు అక్కడికే వెళ్తుంది.

వాళ్ల లాయరు తప్పకుండా ఎత్తే అభ్యంతరం ఒకటుంది: మీరు వ్యాపారానికి కొన్నారు కాబట్టి వినియోగదారు కారని. స్వయం ఉపాధితో పొట్టపోసుకోవడానికి తనే వాడుకునే వస్తువు కొంటే అతడూ వినియోగదారే అని చట్టంలోనే వివరణ ఉంది. లక్ష్మీ ఇంజనీరింగ్ వర్క్స్ కేసులో 1995లో సుప్రీంకోర్టు దీన్ని విడమరచి చెప్పింది, సాయానికి ఒకరిద్దరిని పెట్టుకున్నంత మాత్రాన ఆ హక్కు పోదని కూడా అంది. అందుకని ఫిర్యాదు మొదటి పేరాలోనే "ఈ షాపు నా జీవనాధారం, ఈ కంప్యూటర్ నేనే నడుపుతాను" అని రాయండి. ఈ వాక్యం లేక ఫిర్యాదులు కొట్టేసిన సందర్భాలు ఉన్నాయి.

ఖర్చు విషయానికొస్తే, చెల్లించిన మొత్తం 5 లక్షల లోపు ఉంటే ఫీజు లేదు. లాయరు తప్పనిసరి కాదు. ఈ-జాగృతి పోర్టల్‌లో ఆన్‌లైన్‌గా కూడా వేయొచ్చు. గడువు రెండేళ్లు. ఫిర్యాదు ఒడియాలో గానీ ఇంగ్లీషులో గానీ రాయించి, తెలుగు మెసేజీలకు అనువాదం జతచేయండి. మెసేజీల ప్రింట్లతో పాటు భారతీయ సాక్ష్య అధినియమం, 2023 సెక్షన్ 63 కింద ఎలక్ట్రానిక్ ఆధారాలకు ఇచ్చే సర్టిఫికెట్ పెట్టండి, నమూనా ఆ చట్టం షెడ్యూలులోనే ఉంది. కట్టిన డబ్బు వడ్డీతో, దారి ఖర్చులు, పని ఆగినందుకు పరిహారం, కేసు ఖర్చులు అడగండి. 3,400 రూపాయల సరుకుకు లక్షలు అడిగితే వినేవాళ్లకి మీ మీద గురి తగ్గుతుంది. మూడు నెలల్లో, సరుకు పరీక్షకు పంపాల్సి వస్తే ఐదు నెలల్లో తేల్చాలని చట్టం చెబుతుంది. ఆచరణలో ఎక్కువ పట్టొచ్చని తెలిసే దిగండి.

అంతదూరం వెళ్లకుండానే తేలే అవకాశం ఎక్కువ. ముందు 1915కి ఫోన్ చేయండి, అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్, తెలుగులో మాట్లాడొచ్చు. ఆ ఫిర్యాదు నంబరు రాసిపెట్టుకుని షాపుకి నోటీసు పంపండి. వాళ్లు తెలుగువాళ్లే కాబట్టి నోటీసు తెలుగులోనే ఉండొచ్చు, ఇంతకంటే రాయక్కర్లేదు:

"ఫలానా తేదీన నా మదర్‌బోర్డు మోడల్ మీకు వాట్సాప్‌లో పంపి, దానికి సరిపోయే ర్యామ్ అడిగాను. సరిపోతుందని మీరు జవాబిచ్చి, ఫలానా నంబరు బిల్లు మీద 3,400 రూపాయలకు అమ్మారు. మీరిచ్చినది రిజిస్టర్డ్ సర్వర్ ర్యామ్, నా బోర్డు మీద పనిచేయదు. ఈ నోటీసు అందిన 15 రోజుల్లోగా సరుకు వెనక్కి తీసుకుని డబ్బు తిరిగి ఇవ్వండి. లేకపోతే గజపతి జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు చేస్తాను, ఖర్చులకు మీరే బాధ్యులు."

కింద సంతకం, తేదీ, ఫోన్ నంబరు. స్టిక్కరు ఫోటో, మెసేజీల ప్రింటు, బిల్లు నకలు జతచేసి, బిల్లు మీదున్న చిరునామాకి స్పీడ్ పోస్టులో పంపండి. అదే నోటీసు ఫోటో తీసి వాళ్ల వాట్సాప్‌కి కూడా పెట్టండి. బిల్లు అసలు కాగితం మీ దగ్గరే ఉంచుకోండి.