సెల్ఫీ చూసి గీస్తే పోలిక రావడం లేదు

ప్రశ్న: నేను హనుమకొండలో హాస్టల్లో ఉంటూ డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్నాను. బొమ్మలు గీయడం ఎవరి దగ్గరా నేర్చుకోలేదు. తోటి విద్యార్థినులు వాట్సాప్‌లో పంపే సెల్ఫీల మీద గళ్లు గీసుకుని, ఆ కొలతలతో పెన్సిల్ చిత్రాలు వేస్తున్నాను. కళ్లు, ముక్కు, పెదవులు విడివిడిగా బాగానే కుదురుతున్నా, చూసినవాళ్లు మాత్రం పోలిక రాలేదంటున్నారు. లోపం ఎక్కడుంది?
– ఒక పాఠకురాలు, హనుమకొండ

జవాబు: లోపం మీ చేతిలో కన్నా మీరు ముందు పెట్టుకున్న ఫొటోలోనే ఎక్కువగా ఉందని నా అభిప్రాయం. సెల్ఫీ తీసేటప్పుడు ఫోను చేయి చాచినంత దూరంలోనే ఉంటుంది కనుక, దానికి దగ్గరగా ఉన్న ముక్కు పెద్దదిగానూ, వెనకగా ఉన్న చెవులూ దవడ అంచులూ చిన్నవిగానూ పడతాయి. మనం స్నేహితురాలిని రోజూ చూసేది అంత దగ్గర నుంచి కాదు. గళ్లు ఎంత కచ్చితంగా గీస్తే, ఆ తేడా అంత కచ్చితంగా మీ కాగితం మీదికి వస్తుంది. పైగా కొన్ని ఫోన్లు సెల్ఫీని అద్దంలో ప్రతిబింబంలాగా కుడియెడమలు మార్చి భద్రపరుస్తాయి; పాపిడి, ముక్కుపుడక అటుదిటు అవుతాయి. తన ముఖాన్ని అద్దంలోనే చూసుకునే అమ్మాయికి అది సహజంగా తోచవచ్చు గానీ, ఆమెను ఎదురుగా చూసేవాళ్లకు కొత్తగా ఉంటుంది. అందుకే పోలిక కుదిరిందో లేదో బొమ్మలోని మనిషిని కాక, ఆమెను బాగా ఎరిగిన మూడో మనిషిని అడగండి.

ఇకమీదట మనిషిని ఎదురుగా కూర్చోబెట్టుకుని గీయండి. చదువుకునే వేళ కిటికీ పక్కన, వెలుతురు ఒకవైపు నుంచే పడేలా కూర్చోమని అడిగి, మీరు ఐదారు అడుగుల దూరంలో ఉండండి. కళ్లతో మొదలుపెట్టవద్దు. ముందుగా తల మొత్తం ఆకారాన్ని, జుట్టును, దవడను, మెడ వంపును తేలికగా గీసుకోండి. నడినెత్తికీ గడ్డానికీ సరిగ్గా మధ్యలో కళ్లు వస్తాయన్నది సాధారణ కొలత. కొత్తగా గీసేవాళ్లు చాలామంది వాటిని పైకి జరిపేస్తారు. అయితే ఈ కొలత అందరికీ ఉమ్మడిది. మీ స్నేహితురాలి నుదురు దానికన్నా ఎంత వెడల్పు, పై పెదవికీ ముక్కుకూ మధ్య ఎడం ఎంత తక్కువ అన్న తేడాలలోనే ఆమె పోలిక ఉంటుంది. చేయి చాచి, ఒక కన్ను మూసి, పెన్సిల్‌తో ఆ ఎడాలను కొలవండి.

మరో మాట గట్టిగా చెప్పాలనిపిస్తోంది. స్నేహితులు సంతోషిస్తారని చామనఛాయను తెల్లబరచి గీయకండి. దానివల్ల మనిషే మారిపోతుంది. మెత్తగా, నల్లగా గీసే 4బి, 6బి పెన్సిళ్లతో నీడలను ధైర్యంగా నింపండి. కరీంనగర్ ప్రాంతంలోని బూరుగుపల్లిలో 1942లో పుట్టిన చిత్రకారుడు తోట వైకుంఠం బొమ్మలలో తెలంగాణ పల్లె స్త్రీల నిండైన నలుపు ఎంత అందంగా నిలుస్తుందో చూస్తే ఆ ధైర్యం వస్తుంది.

నిద్రపోతున్నవాళ్లను అడగకుండా గీయడం, గీసినదాన్ని అనుమతి లేకుండా నలుగురికీ పంపడం వద్దు. కూర్చున్నవారికి ఇరవై నిమిషాలకోసారి విరామం ఇవ్వండి. లేచేముందు కుర్చీ కాళ్ల చుట్టూ సుద్దముక్కతో గుర్తు పెట్టుకుంటే, తిరిగి కూర్చున్నప్పుడు ముఖం మీద వెలుగునీడలు మారకుండా ఉంటాయి.