మా వాడు ఇంకా ఎన్ని లైబ్రరీలు నేర్చుకోవాలి?

ప్రశ్న: మా అబ్బాయి బీటెక్ అయి ఏడాదైంది. అమీర్‌పేటలో జావాస్క్రిప్ట్ భాషతో ఫుల్‌స్టాక్ (వెబ్‌సైట్ మొత్తం తయారుచేసే) కోర్సు చేశాడు. ఇంటర్వ్యూలో ‘అసింక్ కోడ్‌కి విడిగా లైబ్రరీలు ఎందుకొచ్చాయి?’ అంటే చెప్పలేకపోయాడు. ఇప్పుడు 40,000 కట్టి అడ్వాన్స్‌డ్ కోర్సులో చేరతానంటున్నాడు. మా బావమరిదేమో జావా అనే వేరే భాషకి మార్చమంటున్నాడు. ఏది మంచిది?
– ఫొటో స్టూడియో నడిపే ఒక తండ్రి, తెనాలి

జవాబు: మీరు అడిగింది కోర్సు గురించే అయినా, అసలు భయం కట్టిన డబ్బు, గడిచిన ఏడాది నీళ్లపాలయ్యాయేమోనని. కాలేదండీ. బాబు ఎక్కడ ఆగాడో ఆ ఇంటర్వ్యూ చూపించింది, అంతే. అది సరిచేసుకోవడానికి 40,000 అక్కర్లేదు.

లైబ్రరీ అంటే వేరేవాళ్లు రాసిపెట్టిన రెడీమేడ్ కోడ్. అసింక్ కోడ్ అంటే ఒక పని పూర్తయ్యేదాకా ఆగకుండా ఇంకో పని చూసుకునే కోడ్. ఇక ఆ ఇంటర్వ్యూ ప్రశ్నకి జవాబు మీ స్టూడియోలోనే ఉంది. పెళ్లి ఆల్బమ్ ప్రింటుకి పంపి, అది వచ్చేదాకా షట్టర్ దించుకుని కూర్చోరు కదా. ‘రాగానే ఫోన్ చెయ్యండి’ అని చెప్పి, పాస్‌పోర్ట్ ఫొటోలు తీసుకుంటుంటారు. జావాస్క్రిప్ట్ కోడ్‌ని నడిపేదీ అలా ఒక్క మనిషే అనుకోండి. నెట్ నుంచి జవాబు వచ్చేదాకా ఆగితే మిగతా పనులన్నీ ఆగుతాయి. అందుకే ‘వచ్చాక ఇది చెయ్యి’ అని ఒక ఫంక్షన్ (చేయాల్సిన పని రాసిన కోడ్ ముక్క) అప్పజెబుతారు. అదే కాల్‌బ్యాక్.

ఒక్క ఆల్బమ్ అయితే గుర్తుంటుంది. మూఢం వెళ్లి ముహూర్తాలు మొదలయ్యాక? ప్రింట్లొచ్చాయి, కవర్ రాలేదు. ఒక ఫైలు పాడైందని ల్యాబ్ వాళ్లు మీ కుర్రాడికి చెప్పారు, వాడు మీకు చెప్పలేదు. అప్పుడొక పుస్తకం కావాలి. 2009లో ర్యాన్ డాల్ అనే ప్రోగ్రామర్ నోడ్ (జావాస్క్రిప్ట్‌ని బ్రౌజర్ బయట, సర్వర్ల మీద నడిపే సాధనం) తెచ్చాక ప్రోగ్రామర్లకీ ఇదే తిప్పలు. కాల్‌బ్యాక్‌లో కాల్‌బ్యాక్, ప్రతి మెట్టులోనూ తప్పు జరిగిందేమో విడిగా చూసుకోవాలి, ఒక్కచోట మర్చిపోతే ఆ తప్పు ఎవరి కంటా పడదు. ఆ పద్దు రాసే పుస్తకం భాషలో లేదు కాబట్టే ‘అసింక్’, ‘బ్లూబర్డ్’ లాంటి లైబ్రరీలు పుట్టాయి. 2015లో ప్రామిస్ (‘జవాబు తర్వాత వస్తుంది’ అనే రసీదు లాంటిది), 2017లో అసింక్-అవెయిట్ (ఆ జవాబు కోసం ఆగమని మామూలు కోడ్‌లాగే రాసే పద్ధతి) భాషలోకే వచ్చేశాయి. ఇప్పుడు బ్లూబర్డ్ తయారీదార్లే, వీలైతే భాషలో ఉన్న ప్రామిస్‌లు వాడుకోండని చెబుతున్నారు.

అడ్వాన్స్‌డ్ కోర్సుల మీద నా అనుమానం ఇక్కడే. బ్రోచర్ నిండా లైబ్రరీల పేర్లు. అవి ఏ ఇబ్బంది తీర్చడానికి వచ్చాయో చెప్పే క్లాసు మాత్రం ఉండదు. మొన్న నా దగ్గరికొచ్చిన ఒకమ్మాయికి రెడక్స్-సాగా అనే అసింక్ పనుల లైబ్రరీ వచ్చు. 300 రికార్డులు తెప్పించమంటే, ఫర్‌ఈచ్ (జాబితాలో ఒక్కోదానికీ అదే పని చేయించేది) లోపల అవెయిట్ పెట్టింది. స్క్రీన్ మీద ‘అన్నీ అయ్యాయి’ అన్న లైను ముందు పడింది, రికార్డులు ఆ తర్వాత వచ్చాయి, అవీ కొన్నే. ఫర్‌ఈచ్ ఎవరి కోసమూ ఆగదు. పాపం, చాలాసేపు అలా చూస్తూ ఉండిపోయింది. తర్వాత ప్రామిస్-ఆల్ (అన్నీ వచ్చేదాకా ఆగేది) పెట్టింది. ఈసారి ఆగింది గానీ, ఇక్కడా 300 ఒకేసారే వెళ్లడంతో సర్వర్ 429 (‘మరీ ఎక్కువసార్లు అడుగుతున్నారు’) అని తిప్పికొట్టింది. ‘ఒకసారికి ఐదే వెళ్లేలా చేసేది ఏమైనా ఉందా సార్?’ అంది. ఆ అవసరం తెలిశాక, సరిగ్గా ఆ పనే చేసే పీ-లిమిట్ అనే చిన్న లైబ్రరీ వాడటం ఐదు నిమిషాల పని. ఇలాంటి హద్దులు భాష ఇంకా పెట్టదు, అందుకే సాయం చేసే లైబ్రరీలు ఇవాళ్టికీ ఉన్నాయి.

ఇక జావా. అక్కడా ఈ చిక్కు తప్పదు. 2014లో కంప్లీటబుల్ ఫ్యూచర్ (ప్రామిస్ లాంటిదే), 2023లో వర్చువల్ థ్రెడ్లు (ఒకేసారి బోలెడన్ని పనులు నడిపే తేలికైన ఏర్పాటు) వచ్చింది దీనికోసమే. వచ్చిన భాషలో బాబుని కుదురుగా ఉండనివ్వండి.

కోపగించుకోకండి, మీకూ ఒక మాట. భోజనాల దగ్గర బావమరిది మాటలు తెచ్చి వాడి ముందు పెట్టకండి. ఏడాదిగా ఇంట్లో ఉన్న పిల్లాడికి తన పరిస్థితి మీరు చెప్పక్కర్లేదు. ఫీజు కడతారా లేదా అన్నది నెల తర్వాత చూద్దాం. ఈలోపు మీ స్టూడియో ఆర్డర్లు లెక్కపెట్టే చిన్న ప్రోగ్రాం ఒకటి రాయమనండి. ఏ లైబ్రరీ లేకుండా, ఉత్త కాల్‌బ్యాక్‌లతో. ఎక్కడ చిక్కుపడ్డాడో వాడినే నాకు రాయమనండి.